అకార్డ్ స్పోర్ట్‌కి 19 అంగుళాల టైర్లు: టూరింగ్ ఆల్ సీజనా, పెర్ఫార్మెన్స్ ఆల్ సీజనా?

ఎడిసన్_సుబ్బు
2019 హోండా అకార్డ్ స్పోర్ట్, 1.5 టర్బో. సైజు 235/40ఆర్19, 96వి. బండితో వచ్చిన టైర్లు అరిగిపోయాయి. వానలో కాస్త గట్టిగా బ్రేక్ కొడితే చాలు, కాలి కింద ఏబీఎస్ టకటకలాడుతోంది.

షాపుకెళ్తే అక్కడి కుర్రాడు కంప్యూటర్ నా వైపు తిప్పి రెండు లిస్టులు చూపించాడు. ఒకటి గ్రాండ్ టూరింగ్ ఆల్ సీజన్, రెండోది అల్ట్రా హై పెర్ఫార్మెన్స్ ఆల్ సీజన్. మొదటిదానికి 70 వేల మైళ్ల వారంటీ. రెండోదానికి 45, 50 వేలు. రేటు మాత్రం రెండోదానికే ఎక్కువ! తక్కువ మైళ్లు నడిచేదానికి ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలి అని అడిగితే "మీది స్పోర్ట్ మోడల్ కదా" అని భుజాలెగరేశాడు. ఇది కూడా ఒక సమాధానమేనా?

నా వాడకం: వారమంతా న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి పార్సిపెనీకి 287 హైవే మీద. శని, ఆదివారాలు బ్రిడ్జ్‌వాటర్ గుడి, ఇండియన్ స్టోర్. చలికాలంలో ఎప్పుడైనా సిరక్యూస్‌లో ఉన్న బావమరిది ఇంటికి. నాకు స్పీడు పిచ్చి లేదు. కానీ స్టీరింగ్ తిప్పగానే తిరుగుతుందనే ఈ బండి కొన్నాను, అది పోగొట్టుకోవడం ఇష్టం లేదు. వింటర్ టైర్లు వేరే సెట్ పెట్టుకుందామంటే అపార్ట్‌మెంట్లో చోటు లేదు. ఏది తీసుకోమంటారు?

టర్న్‌పైక్_రాజా
టూరింగ్ తీసుకో, హాయిగా పడుకో. పొద్దున ఎనిమిదింటికి 287 మీద నీ పెర్ఫార్మెన్స్ ఎవరికి చూపిస్తావు, ముందున్న ట్రక్కుకా?

గుంటూరు_ఘాటు
బండికి స్పోర్ట్ బ్యాడ్జీ ఉంటే టైర్లకి స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుంది. రిజర్వేషన్ ఫీజే కాస్త ఎక్కువ.

డల్లాస్_దొర
రాజా అన్నా, పెర్ఫార్మెన్స్ అంటే వేగం ఒక్కటేనా? బండి ఆగడం కూడా పెర్ఫార్మెన్సే.

మాకిక్కడ వారాల తరబడి చినుకు పడదు. పడితే ఒక్కసారే కుండపోత. రోడ్డుకి పట్టిన నూనె, దుమ్ము అంతా మొదటి పావుగంటలో పైకి తేలుతుంది. నా క్యామ్రీకి అంతకుముందు 80 వేల మైళ్ల టూరింగ్ టైర్లుండేవి. అరగవు, ఒప్పుకుంటా. అరగకుండా గట్టిపడతాయి, అదీ బాధ. సగం వయసు దాటాక వానలో సిగ్నల్ పడి కదలబోతే ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగేవి. తర్వాత కాంటినెంటల్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్ వేయించాను. 50 వేల మైళ్ల వారంటీ, నాకు చాలు. తడిరోడ్డు మీద తేడా బ్రేక్ మీద పెట్టిన కాలికే తెలిసిపోతుంది.

అన్నట్టు దాని ట్రెడ్‌లో, అంటే రోడ్డుకి ఆనే గాడుల భాగంలో, డి, డబ్ల్యూ, ఎస్ అని మూడు అక్షరాలు చెక్కి ఉంటాయి. డ్రై, వెట్, స్నో. ఎస్ అరిగి మాయమైందంటే ఇక మంచులో దాన్ని నమ్ముకోవద్దని. బండి కడిగేటప్పుడు కూర్చుని చూసుకోవచ్చు, గేజీ కూడా అక్కర్లేదు.

టర్న్‌పైక్_రాజా
@డల్లాస్_దొర టెక్సాస్‌లో మూడో అక్షరం చెక్కించుకోవడం దండగ ఖర్చు కదా.

డల్లాస్_దొర
2021 ఫిబ్రవరి మర్చిపోయావా అన్నా? ఫోర్ట్ వర్త్‌లో ఐ-35 వెస్ట్ మీద నూట ముప్పైకి పైగా బండ్లు ఒకదాని మీదొకటి ఎక్కేశాయి, ఆరుగురు పోయారు. అయినా అది మంచు కాదు, కంటికి కనపడని ఐసు పొర. దాని మీద ఏ ఆల్ సీజనూ ఆగదు. టూరింగైనా అంతే, పెర్ఫార్మెన్సైనా అంతే.

అక్రాన్_రబ్బరు
నా ఉద్యోగం టైర్ల టెస్టింగ్‌లోనే. ఏ కంపెనీ అని మాత్రం అడక్కండి, టైర్లకి పేరుపడ్డ ఈ అక్రాన్ ఊళ్లో ఊహించడం పెద్ద కష్టం కాదు. సుబ్బు గారు అడిగిన మొదటి ప్రశ్నకి ఎవరూ సమాధానం చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

ఈ రెండు లిస్టులూ కింద తరగతి, పై తరగతి కావు. టైరు తయారు చేసేవాడు ఒకటి పెంచితే ఇంకొకటి వదులుకోవాలి. టూరింగ్ వాడు మైళ్లు, నిశ్శబ్దం, మెత్తటి ప్రయాణం, పెట్రోలు ఆదా ఎంచుకుంటాడు. రబ్బరు కాస్త గట్టిది, ట్రెడ్ బ్లాకులు చిన్నవి, సైడ్‌వాల్‌కి, అంటే టైరు పక్క గోడకి, సాగే గుణం ఎక్కువ. పెర్ఫార్మెన్స్ వాడు పట్టుండే రబ్బరు వేస్తాడు, అంచుల్లో పెద్ద పెద్ద బ్లాకులు పెడతాడు, సైడ్‌వాల్ బిగువుగా కడతాడు, స్టీలు బెల్టుల మీద నైలాను పొరలు చుడతాడు. మీరు స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు మెలిపడేది ఆ అంచు బ్లాకులూ సైడ్‌వాలే. అవి ఎంత తక్కువ మెలిపడితే బండి అంత త్వరగా తిరుగుతుంది. అదే బిగువు వల్ల రోడ్డు మీది ప్రతి అతుకూ సీటులోకి వస్తుంది. ఎక్కువ డబ్బు ఆ నిర్మాణానికీ ఆ రబ్బరుకీ. మైళ్లకి కాదు.

ఇక సైడ్‌వాల్ మీది అంకెలు. ట్రెడ్‌వేర్, అంటే ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే గ్రేడు, 540, 560, 700 అని ఉంటుంది. ఆ పరీక్ష టెక్సాస్‌లో శాన్ ఏంజెలో దగ్గర 400 మైళ్ల చుట్టు రోడ్డు మీద, మొత్తం 7,200 మైళ్లు నడిపి చేస్తారు. పద్ధతి ప్రభుత్వానిది, కానీ గ్రేడు వేసుకునేది కంపెనీయే. అందుకని ఒకే కంపెనీ టైర్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఒక కంపెనీ 700ని ఇంకో కంపెనీ 560తో పోల్చి కొనకండి. ట్రాక్షన్ ఏఏ అన్నది కూడా తడినేల మీద తిన్నగా జారించి చూసిన పట్టు మాత్రమే. మలుపుల సంగతి గానీ, నీళ్ల మీద తేలిపోయే సంగతి గానీ అందులో లేదు.

మీ డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ చూడండి. 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుంది. వి అంటే గంటకి 149 మైళ్లు. డబ్ల్యూ 168, హెచ్ 130. ఆ వేగంలో ఎవరూ వెళ్లరు, కానీ ఆ అక్షరం వెనక టైరు వేడి తట్టుకునే శక్తి ఉంది. పైకి వెళ్లొచ్చు, 96 కంటే, ‘వి’ కంటే కిందకి మాత్రం దిగకండి.

గుంటూరు_ఘాటు
అక్రాన్ గారూ, ఒక్కో టైరు 710 కిలోలంటే నాలుగూ కలిపి 2,840. ఇండియా నుంచి అమ్మావాళ్లు వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో ఆ ఆవకాయ పెట్టెలకి సరిపోతుందంటారా?

అట్లాంటా_అక్క
నవ్వొచ్చినా ఘాటు తమ్ముడు అడిగింది మంచి ప్రశ్నే. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను పెట్టుకుని హైవే ఎక్కేముందు గాలి ఎంతమంది చూసుకుంటారు? టైరు మీద రాసిన పీఎస్‌ఐ కాదు, డోరు మీద రాసినది పెట్టాలి. చలికి 10 ఫారన్‌హీట్ డిగ్రీలు పడితే దాదాపు ఒక పీఎస్‌ఐ దిగుతుంది. డిసెంబర్లో డాష్‌బోర్డు మీద వెలిగే ఆ పసుపు లైటు సగంమందికి అందుకే.

సుబ్బు, ఎవరూ మోత గురించి చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. మా ఇంట్లో రెండు బండ్లు. ఆయన దానికి మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, నాదానికి మామూలు గ్రాండ్ టూరింగ్. ఆయనవి కొత్తలో బాగానే ఉన్నాయి. అరిగేకొద్దీ 40 మైళ్ల వేగం దగ్గర మొదలై 60 దాకా పక్కగదిలో పిండి గ్రైండర్ వేసినట్టు ఒకటే రొద. ఆయనకి వినపడదట. నాకు వినపడుతుంది. వానలో మాత్రం ఆ టైర్లకి వంక పెట్టలేను, జారిన గుర్తు లేదు.

మిచిగన్_మంచు
ఇంతమంది ఇన్ని చెప్పారు, సిరక్యూస్ అన్న మాట ఒక్కరూ పట్టించుకోలేదు! అంటారియో సరస్సు మీద నుంచి గాలి మోసుకొచ్చే మంచు అది. 81 హైవే మీద బింగమ్టన్ దాటాక అరగంటలో ఆకాశం మారిపోతుంది. అక్కడికి పెర్ఫార్మెన్స్ ఆల్ సీజన్ వేసుకుని వెళ్తానంటే నేను ఒప్పుకోను.

వింటర్ టైర్లు చోటు లేదన్నావు. సరే. అలాంటప్పుడు కనీసం మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు గుర్తున్నవి తీసుకో. క్రాస్‌క్లైమేట్ 2, బ్రిడ్జ్‌స్టోన్ వెదర్‌పీక్, గుడ్‌ఇయర్ వెదర్‌రెడీ 2, ఇవన్నీ ఆ కోవలోవే. నీ సైజులో ఏది దొరుకుతుందో చూడు. ఎం ప్లస్ ఎస్ (మడ్, స్నో) అన్న అక్షరాలు చూసి మోసపోకు, అది ట్రెడ్ గాడుల ఆకారం చూసి వేసుకునే ముద్ర. మంచులో పరీక్ష పెట్టి ఇచ్చింది కాదు.

డల్లాస్_దొర
ఏడాదిలో ఎప్పుడో వెళ్లే బావమరిది ఇంటి కోసం ఏడాదంతా ఆ రొద భరించాలా?

మిచిగన్_మంచు
ఏడాదికి ఒక్క రోజు చాలు బండి గట్టుకి తగలడానికి.

అక్రాన్_రబ్బరు
@మిచిగన్_మంచు గుర్తు గురించి మీరన్నది సగం. కొండ గుర్తు ఎం ప్లస్ ఎస్ కంటే మేలే. కానీ అది కూడా అణిగిన మంచు మీద బండిని ముందుకి లాగే పట్టు చూసి ఇచ్చేది. పోలిక కోసం పెట్టుకున్న రిఫరెన్స్ టైరు కంటే కనీసం పదిశాతం ఎక్కువ లాగితే ఇస్తారు. మంచు మీద ఆగడం, మలుపు తిరగడం ఆ పరీక్షలో లేవు. గుర్తుంది కదా అని సిరక్యూస్ దిగుడు వీధుల్లో ధీమాగా వెళ్తే కష్టం.

ఇంకొకటి. ఏ టైరైనా కొత్తలో 10/32 అంగుళం ట్రెడ్ ఉంటుంది, కాస్త అటూ ఇటూ. 6/32కి వచ్చేసరికి మంచులో బలం చాలా తగ్గిపోతుంది. 4/32 దగ్గర వానకి మార్చుకోవాలి. చాలా రాష్ట్రాల్లో చట్టం 2/32 దాకా ఊరుకుంటుంది, అది అసలు ప్రమాణమే కాదు. క్వార్టర్ (25 సెంట్ల) బిళ్ల తలకిందులుగా గాడిలో పెట్టండి. వాషింగ్టన్ తల పైభాగం మొత్తం కనపడుతుంటే 4/32 కూడా లేనట్టే.

ఎడిసన్_సుబ్బు
ఇప్పుడే వెళ్లి చూశాను. వాషింగ్టన్ గారి నుదురూ జుట్టూ అన్నీ కనపడుతున్నాయి. లోపలి అంచున ఇంకా ఘోరం.

అట్లాంటా_అక్క
లోపలి అంచు ఎక్కువ అరిగిందంటే అలైన్‌మెంట్ పోయిందన్నమాట. అది చూపించకుండా కొత్తవి వేస్తే ఏ లిస్టులోవైనా ఒకటే, ఏడాదిలో లోపలి అంచు నున్నగా తేలుతుంది.

శాన్‌హోసే_శీను
మా వైపు తాహో కొండలకి వెళ్లేవాళ్లకి పనికొచ్చే మాట. ఐ-80 మీద చెయిన్ కంట్రోల్ (మంచులో చక్రాలకి గొలుసులు వేయాలన్న నిబంధన) పెడితే మొదటి స్థాయి ఆర్1లో ఎం ప్లస్ ఎస్ టైర్లు, 6/32 ట్రెడ్ ఉంటే గొలుసులు తగిలించనక్కర్లేదు. ఆర్2కి పెంచారంటే అకార్డ్ లాంటి రెండు చక్రాల డ్రైవ్ బండికి గొలుసులు వేయాల్సిందే, నీ టైర్ల మీద ఎన్ని కొండలున్నా సరే. నాలుగు చక్రాల డ్రైవ్, నాలుగూ స్నో ట్రెడ్ ఉన్నవాడికి మినహాయింపు. అయినా డిక్కీలో గొలుసులు ఉండాలి. ఆర్3 అంటే ఆ రోజుకి గెస్ట్‌హౌస్ వెతుక్కోవడమే. కొలరాడోలో ఐ-70 మీద డాట్సెరో నుంచి మారిసన్ దాకా సెప్టెంబర్ మొదలు మే చివరి వరకు ఇలాంటిదే ఇంకో చట్టం.

19 సైజుకి గొలుసులు పట్టే సందు చాలా బండ్లలో ఉండదు. కొనేముందు మాన్యువల్ చదవండి.

టెస్లా_తాతయ్య
ఎలక్ట్రిక్ బండి ఉన్నవాళ్లకి ఈ లెక్కలేవీ సరిగ్గా పట్టవు. బరువెక్కువ, కాలు పెట్టగానే మొత్తం లాగుడు చక్రం మీద పడుతుంది. టైర్లు కొవ్వొత్తులు. మావాడు స్పోర్ట్ అని చెప్పి పెర్ఫార్మెన్స్ వేయిస్తే రేంజి తగ్గింది, ఇంట్లో పంచాయితీ. ఇప్పుడు ఈవీ కోసం చేసిన టూరింగే వేయించాను. లోపల రొద తగ్గడానికి నురుగు అంటించి ఉంటుంది. పంక్చర్ వేసేవాడు ముందు ఆ నురుగు గోకాలి, అందుకు ప్రతి షాపువాడూ ఒప్పుకోడు.

టర్న్‌పైక్_రాజా
తాతయ్యా, కాలు మెల్లగా పెట్టొచ్చుగా?

టెస్లా_తాతయ్య
అలా పెట్టేవాణ్నయితే ప్రియస్ కొనేవాణ్ని.

కొత్తగా_వచ్చా
అన్నయ్యలూ, అక్కా, నేను మొన్న ఫాల్‌లో ఎంఎస్‌కి వచ్చాను. పాత సివిక్ కొన్నాను. టూరింగా పెర్ఫార్మెన్సా అనేంత బడ్జెట్ లేదు. ఒక షాపువాడు వాడిన టైర్లు, ట్రెడ్ 7/32 ఉందంటున్నాడు, నాలుగూ కలిపి చాలా చవక. తీసుకోవచ్చా?

అక్రాన్_రబ్బరు
ట్రెడ్ ఎంతుందని కాదు, పుట్టిన తేదీ అడుగు. సైడ్‌వాల్ మీద డీ, ఓ, టీ అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడు. 2316 అని ఉంటే 2016లో 23వ వారం. అంత పాతదైతే ట్రెడ్ ఎంత ఉన్నా రబ్బరు ఎండిపోయి ఉంటుంది. గాడుల అడుగున సన్నటి పగుళ్లున్నాయేమో చూడు. లోపలి వైపు పంక్చర్ అతుకు టైరు భుజం దగ్గర, అంటే ట్రెడ్ సైడ్‌వాల్‌ని కలిసే చోట, ఉంటే అసలొద్దు. ఆ నాలుగు అంకెలు ఒక్కోసారి టైరుకి ఒక పక్కే ఉంటాయి. ఆ పక్క లోపలికి తిప్పి బిగిస్తే నీకు కనపడదు, కాబట్టి బిగించకముందే చూడు.

ఎడిసన్_సుబ్బు
ఇంకో సందేహం. 287 గుంతల సంగతి మీకు తెలియంది కాదు. పోయినేడు ఒక గుంతలో పడ్డాక టైరు పక్కన కోడిగుడ్డంత బుడిపె లేచింది. రిమ్ అంచు కూడా కొంచెం వంగింది. పెర్ఫార్మెన్స్ టైరు సైడ్‌వాల్ బిగువంటున్నారు కదా, గుంతలకి అది బలమా, బలహీనమా?

అక్రాన్_రబ్బరు
గుంతకి గాలి ఉన్న ఎత్తే కాపలా. మీ సైజులో రిమ్‌కీ రోడ్డుకీ మధ్య 94 మిల్లీమీటర్లు. గుంత అంచు తగిలినప్పుడు సైడ్‌వాల్ రిమ్‌కీ అంచుకీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. అప్పుడు గాలి బయటి రబ్బరుని తోస్తుంది, అదే ఆ బుడిపె. ఆ టైరు మీద హైవే ఎక్కకూడదు. దానికి అతుకు కూడా వేయరు. టూరింగైనా పెర్ఫార్మెన్సైనా ఆ 94 మారదు కాబట్టి తేడా పెద్దగా ఉండదు.

నిజంగా గుంతలే బాధయితే ఇంకో దారి ఉంది. మామూలు అకార్డ్‌కి 225/50ఆర్17 వస్తుంది. దాని ఎత్తు 112 పైమాటే. రిమ్ములు నట్లతో బిగిసే కొలత రెండింటికీ ఒకటే. వాడిన 17 రిమ్ములు దొరికితే టైర్లు చవక, ఎంచుకోవడానికి టూరింగ్‌లో బోలెడు. మొత్తం చక్రం వ్యాసం రెండు శాతం చిన్నది అవుతుంది, స్పీడోమీటర్ ఆ మేరకు ఎక్కువ చూపిస్తుంది. కొనేముందు బ్రేక్ కాలిపర్‌కి తగలకుండా ఒక్క రిమ్ము తగిలించి చూసుకోండి.

డల్లాస్_దొర
స్టీరింగ్ కోసం స్పోర్ట్ కొన్నవాడికి 17 రిమ్ములు వేయమంటే మనసు ఒప్పుకోదు సార్.

మిచిగన్_మంచు
నేనైతే ఆ 17లు కొని వాటికి వింటర్ టైర్లు వేస్తా. చోటు లేదంటే బావమరిది గరాజ్ ఉందిగా. మంచు వాళ్లింటిదేగా!

గుంటూరు_ఘాటు
టైర్లు బావమరిది ఇంట్లో, మంచు దారిలో. టైర్లు మార్చుకోవడానికే సిరక్యూస్ వెళ్లాలి. భలే ప్లాను.

హైదరాబాద్_హరి
ఇదంతా చదువుతుంటే ముచ్చటేస్తోంది. ఇక్కడ షాపుకెళ్తే టూరింగ్, పెర్ఫార్మెన్స్, ఆల్ సీజన్ అన్న మాటే వినపడదు. సైజు చెప్పు, కంపెనీ చెప్పు, బిల్లు కావాలా వద్దా, అంతే. మంచు కోసం రబ్బరు మెత్తగా ఉంచాల్సిన అవసరం మనకెక్కడుంది? లంబసింగి వెళ్తే తప్ప. మాకు కావాల్సింది ఎండకి కరగని రబ్బరు, వానాకాలంలో నీళ్లు తోసే గాడులు, స్పీడ్ బ్రేకరు దాటినా పగలని సైడ్‌వాల్. మా అన్నయ్య అమెరికా నుంచి వచ్చి నా బండికి ఆల్ సీజన్ వేయించమని ఒకటే పోరు. మేమెప్పుడూ వేసవి టైర్ల మీదే తిరుగుతున్నామని చెప్పినా నమ్మడు.

అక్రాన్_రబ్బరు
@హైదరాబాద్_హరి మీరే కరెక్ట్. దాదాపు 7 సెల్సియస్ డిగ్రీల కిందకి పడితేనే వేసవి రబ్బరు బిగుసుకుపోతుంది. హైదరాబాద్‌లో ఆ చలి ఎప్పుడో ఒక తెల్లవారుజామున తప్ప రాదు.

టర్న్‌పైక్_రాజా
అందరూ వారంటీని గాలికొదిలేశారు. 70 వేలు, 50 వేలు మధ్య 20 వేల మైళ్లు. అది డబ్బు కాదా?

అట్లాంటా_అక్క
రాజా, ఆ 70 వేలు బ్యాంకులో వేసిన డబ్బు కాదు. టైరు 35 వేలకే 2/32కి వచ్చేసిందనుకో, కొత్త టైర్లు ఊరికే ఇవ్వరు. వాడుకున్న భాగం తీసేసి సగం విలువ మాత్రం కొత్తవాటి బిల్లులో తగ్గిస్తారు. అదీ ఎప్పుడు? రొటేషన్ (టైర్ల చోట్లు మార్చి వేయడం) రసీదులు అన్నీ ఉండి, నాలుగూ సమంగా అరిగితే. సుబ్బులాగా లోపలి అంచు తిన్న టైరుకి పైసా రాదు. ముందూ వెనకా వేరే సైజులున్న బండ్లకి చాలా కంపెనీలు వెనక చక్రాలకి వారంటీని సగం చేసేస్తాయి. రసీదుల్ని గ్లవ్ బాక్సులో ఒక కవరులో పెట్టుకునేవాళ్లకే ఆ అంకె పనికొచ్చేది.

టర్న్‌పైక్_రాజా
అక్క చెప్పాక మాట్లాడేదేముంది. అయినా నా ఓటు టూరింగ్‌కే.

బఫెలో_బాబాయ్
ఆలస్యంగా చూశా. ఇక్కడ ఉండేవాణ్ని కాబట్టి చెప్తున్నా, సరస్సు మంచు పడేటప్పుడు ఏ టైరూ కాదు, ఫోను కావాలి. పడే గంటల్లో బయల్దేరకుండా మంచు తోసే ప్లౌ బండి తిరిగాక బయల్దేరితే ఎం ప్లస్ ఎస్ ఉన్న ఏ మంచి ఆల్ సీజనైనా, 6/32 పైన ట్రెడ్ ఉంటే, హైవే మీద చేరుస్తుంది. మా అమ్మాయి పెర్ఫార్మెన్స్ ఆల్ సీజన్ వేసుకుని కాలేజీకి వెళ్లొస్తుంటుంది. పార్కింగ్‌లోంచి బయటికి తీయడానికి మాత్రం పార కావాలి.

మిచిగన్ బాబు మాట తీసెయ్యను. రోజూ మంచులోకి వెళ్లాల్సిన నర్సులు, డాక్టర్లకి వింటర్ టైర్లే. సుబ్బుకి ఆ అవసరం కనపడటం లేదు.

మిచిగన్_మంచు
బాబాయ్ అన్నాక సగం ఒప్పుకుంటా. మిగతా సగం మార్చిలో మాట్లాడుకుందాం.

ఎడిసన్_సుబ్బు
వేరే షాపులో అడిగాను. నా సైజులో గ్రాండ్ టూరింగ్ మంచివాటికీ పెర్ఫార్మెన్స్ ఆల్ సీజన్‌కీ, రిబేటు పోగా నాలుగు టైర్లకి కలిపి తేడా వంద డాలర్లు కూడా లేదు. 17 సైజు అయ్యుంటే తేడా చాలా ఉండేదట. అలాంటప్పుడు ఏడాదంతా వానలో ఆగే పట్టు, స్టీరింగ్ నాకు ముఖ్యం. డీడబ్ల్యూఎస్ 06 ప్లస్, డబ్ల్యూ రేటింగ్, 96 లోడ్ ఉన్నవి ఆర్డర్ చేశాను. అలైన్‌మెంట్ కూడా అదే రోజు. సిరక్యూస్‌కి బాబాయ్ చెప్పినట్టు ప్లౌ తిరిగాకే. లేదంటే బావమరిదినే రమ్మంటాను, వాడిది నాలుగు చక్రాల డ్రైవ్.

టర్న్‌పైక్_రాజా
ఓట్లు లెక్కపెట్టకుండానే ఫలితాలు ప్రకటించేశాడు.

అక్రాన్_రబ్బరు
మంచి నిర్ణయమే. మొదటి 500 మైళ్లు గట్టి బ్రేకులు, గట్టి మలుపులు వద్దు. అచ్చులోంచి తీసేటప్పుడు పూసిన జిడ్డు పైన ఉంటుంది. 50, 100 మైళ్ల మధ్య ఒకసారి షాపుకెళ్లి నట్ల బిగింపు చూపించండి, ఊరికే చేస్తారు. 6,000 మైళ్లకోసారి రొటేషన్. రేపు ఎప్పుడైనా రెండే మార్చాల్సి వస్తే కొత్తవి వెనకే వేయించండి, ముందు లాగే బండైనా సరే. నీళ్లలో వెనకవి తేలిపోతే బండి గిర్రున తిరుగుతుంది, అప్పుడు స్టీరింగ్ చేసేదేమీ ఉండదు.

కొత్తగా_వచ్చా
అక్రాన్ అన్నయ్యా, షాపుకెళ్లి బిగించకముందే చూశాను. మూడు టైర్ల మీద 1719. నాలుగో దాని మీద 4114! అడిగితే "ట్రెడ్ అదే కదా బ్రదర్" అన్నాడు.

అక్రాన్_రబ్బరు
41వ వారం, 2014. నువ్వు ఇంటర్‌కి కూడా రాకముందు టైరు అది. 2019వి కూడా ఇప్పటికి పాతవే. వదిలేసి వచ్చెయ్. ఆ సివిక్ సైజు ఇక్కడ పెట్టు, 15, 16 అంగుళాల్లో కొత్త టూరింగ్ టైర్లు అనుకున్నంత ఖరీదేం కాదు.

కొత్తగా_వచ్చా
195/65ఆర్15, 91హెచ్.

అట్లాంటా_అక్క
అమెరికాలో దొరికే అన్ని సైజుల్లో చవకైన వాటిలో అదొకటి తమ్ముడూ. జనరల్ ఆల్టిమ్యాక్స్ ఆర్‌టీ45 చూడు. రిబేటు ఉన్న వారం చూసి కొను, రోడ్ హజార్డ్ కవరేజీ (గుంతలకీ మేకులకీ టైరు పాడైతే వర్తించే రక్షణ) ఊరికే ఇస్తారేమో అడుగు.